అద్దం పగిలింది... కానీ రాలలేదు!

పోయిన సంక్రాంతికి కార్లో ఊరెళ్తున్నాం. హైదరాబాద్-విజయవాడ హైవే మీద నందిగామ దాటాం. డ్రైవింగ్ నాది. పక్క సీట్లో అక్క, ఆమె ఒళ్లో మూడేళ్ల పాప. (పిల్లల్ని అలా ముందు సీట్లో కూర్చోబెట్టకూడదు. ఆ విషయంలో ఆ రోజే అందరం అందరినీ తిట్టుకున్నాం, వదిలేయండి.) ముందు కంకర టిప్పర్ వెళ్తోంది. పైన పట్టా కూడా సరిగ్గా కట్టలేదు. ఓవర్‌టేక్ చేద్దామా వద్దా అనుకుంటుండగానే ‘ఠప్’ మని తుపాకీ పేలినట్టు చప్పుడు.

అద్దం మీద, సరిగ్గా పాప ముఖానికి ఎదురుగా, నక్షత్రం ఆకారంలో పగులు. దాన్నుంచి రెండు గీతలు పైకి పాకుతూ వెళ్లాయి. పాప ఏడుపు అందుకుంది. అక్క దాని ఒళ్లంతా తడిమి చూసింది. ఎక్కడా ఒక్క గాజు ముక్క లేదు.

ఓ పది నిమిషాలకి దాబా దగ్గర ఆపాను. నాన్న దిగి అద్దం మీద చెయ్యేసి, “గట్టి అద్దంరా. అందుకే ఆగింది” అన్నారు. నేను ఊరుకుంటానా? బీటెక్‌లో మెకానికల్ చదివి ఇప్పుడు పొద్దున లేస్తే కోడ్ రాసుకునే బతుకు నాది. మెకానికల్ గురించి మాట్లాడే అవకాశం ఏడాదికోసారి వస్తుంది. “గట్టిగా ఉండి ఆగలేదు నాన్నా, మధ్యలో మెత్తటిది ఉండబట్టి ఆగింది” అన్నాను. లోపలి వైపు నుంచి పగులు మీద వేలు పెట్టి చూడమన్నాను. ఆయన పెట్టారు. నున్నగా ఉంది! పగిలింది బయటి అద్దమే. లోపలిది చెక్కు చెదరలేదు.

మీ కారు ముందు అద్దం ఒకటి కాదు, రెండు. ఒక్కోటి దాదాపు 2 మిల్లీమీటర్ల మందం. ఆ రెండింటి మధ్య పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. ముద్దుగా పీవీబీ. మామూలుగా దీని మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే ఏటీఎం కార్డంత. మన దేశంలో కార్లకు ముందు అద్దం ఇలా లామినేట్ చేసిందే ఉండాలి. పక్క అద్దాలు చాలా కార్లలో వేరే రకం. అవి టెంపర్డ్, పగిలితే జొన్న గింజల్లా జలజలా రాలిపోతాయి. ఆ రాయి పక్క అద్దానికి తగిలి ఉంటే పాప ఒళ్లో గింజలే.

ఈ సంగతి కనిపెట్టింది ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచాయన. కెమిస్టు, పైగా చిత్రకారుడు. 1903లో ల్యాబ్‌లో ఒక గాజు ఫ్లాస్కు కింద పడి పగిలిందట, కానీ ముక్కలు చెదరలేదట. అందులో అంతకుముందు ఎప్పుడో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ఆరిపోయి లోపల పలుచటి పొరలా అంటుకుని ఉంది. ఆ పొర ముక్కల్ని పట్టేసింది. 1909లో ఆయన పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గ్యాస్ మాస్కులకు కళ్ల దగ్గర పెట్టింది ఈ అద్దాలే. పీవీబీ తర్వాత 1930ల్లో వచ్చింది.

దెబ్బ ఎక్కడికి పోతుంది?

చిన్న లెక్క చూద్దాం. గోళీకాయంత కంకర రాయి, 20 గ్రాములు అనుకోండి. కారుకీ దానికీ మధ్య వేగం గంటకు 100 కిలోమీటర్లు. శక్తి సుమారు 8 జౌళ్లు. అంటే కిలో బరువున్న స్పానర్ 80 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిపడితే ఎంతో అంత. పెద్దదేం కాదు. కానీ అదంతా రాయి మొన అంత చోట, రెప్పపాటులో వందో వంతు కూడా లేని సమయంలో దిగుతుంది.

ఆ శక్తి మాయమైపోదు కదా. ఎక్కడో చోట ఖర్చవ్వాలి. గాజులాంటి గట్టి పదార్థానికి తెలిసిన ఖర్చు ఒక్కటే: పగలడం. మెత్తటి పొరకు ఇంకో దారి తెలుసు. సాగుతుంది, జరుగుతుంది, కొంత శక్తిని వేడిగా మార్చి మింగేస్తుంది. ఇంజనీరింగ్ భాషలో దీన్నే డ్యాంపింగ్ అంటారు. రెండో పని, దెబ్బ దిగే సమయాన్ని పెంచుతుంది. స్లిప్‌లో క్యాచ్ పట్టేవాడు బంతితోపాటు చేతులు వెనక్కి లాగుతాడే, అలా. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: గట్టి పొరలో పరిగెత్తుకొచ్చిన పగులు మెత్తటి పొర దగ్గరికొచ్చేసరికి మొద్దుబారిపోతుంది. సూది మొన దూదిలో గుచ్చుకున్నట్టు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చాలామంది రబ్బరు పెడితే దెబ్బ మొత్తం వేడిగా మారిపోతుందనుకుంటారు. కాదు. మొదటి దెబ్బ అంతా కొన్ని మిల్లీసెకన్ల వ్యవహారం. అప్పుడు పనికొచ్చేది ఎక్కువగా ఆ పొర సాగడం, పగుళ్లను ఆపడం. అసలు డ్యాంపింగ్ బలం కనిపించేది ఆ తర్వాత, వస్తువు గంటలా మోగుతున్నప్పుడు, ఆ మోతను చంపడంలో.

ఆ మోత ఏంటో మీ అరచేతులకి బాగా తెలుసు. చలికాలం పొద్దున్నే చౌకరకం బ్యాటుతో కార్క్ బంతి ఆడి, బంతి బ్యాటు అంచుకి తగిలితే చేతులు జివ్వుమని మోచేతి దాకా లాగేస్తాయి. మంచి బ్యాటుకి ఆ బాధ తక్కువ. దాని హ్యాండిల్ ఒకే కర్ర కాదు. పేము ముక్కల్ని అతికించి, మధ్యలో రబ్బరు పట్టీలు పెడతారు. అంటే మీరు చిన్నప్పటి నుంచి చేత్తో పట్టుకుంటున్నది డ్యాంపింగ్ పొరలున్న లామినేట్ కాంపోజిటే! 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిలో 120 జౌళ్లు ఉంటాయి, మన కంకర రాయికి పదిహేను రెట్లు. అలాగని హ్యాండిల్ నిండా రబ్బరు పెట్టేసుకుంటే? కుదరదు. క్రికెట్ చట్టాల్లోనే లిమిట్ ఉంది. పేము, చెక్క, దారం తప్ప మిగతావన్నీ కలిపి హ్యాండిల్ పరిమాణంలో పదో వంతు దాటకూడదు.

పైకి బాగానే ఉంది, లోపల లేదు

ఇప్పటిదాకా చెప్పింది కంటికి కనిపించే దెబ్బ. అసలు భయపెట్టేది కనిపించనిది.

కార్బన్ ఫైబర్ గురించి వినే ఉంటారు. రేసింగ్ సైకిళ్లు, బ్యాడ్మింటన్ రాకెట్లు, ఎఫ్1 కార్లు. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి కాంపోజిట్లదే. పూతరేకు చూశారుగా, అలా పొర మీద పొర. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. పొరలో పోగులన్నీ ఒకవైపే ఉంటాయి కాబట్టి ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని ఏటవాలుగా పేర్చి, ఎపాక్సీ అనే రెసిన్‌తో కలిపి వేడిచేసి గట్టిపరుస్తారు. పోగు దిశలో లాగితే స్టీలుకి తీసిపోదు, బరువేమో స్టీలులో ఐదో వంతు.

లోపం ఎక్కడంటే, పొరకీ పొరకీ మధ్య ఏ పోగూ దాటదు. అక్కడ ఉన్నది రెసిన్ ఒక్కటే. నోట్‌బుక్ వంచి చూడండి, పేజీలు ఒకదాని మీద ఒకటి జారతాయి. లామినేట్ మీద స్పానర్ పడ్డప్పుడు కూడా పొరలు అలాగే జారాలని చూస్తాయి. రెసిన్ జారనివ్వదు, పట్టుకుంటుంది. పట్టుకుని పట్టుకుని చివరికి చిట్లిపోతుంది. పొరలు విడిపోతాయి. పైన చిన్న చుక్కలాంటి గుంట. కిందికి పోయేకొద్దీ పొరల మధ్య చీలిక గొడుగులా విస్తరిస్తుంది. కార్బన్ నల్లగా ఉంటుంది కాబట్టి లోపలిది బయటికి కనిపించదు. అలాంటి ముక్కను నొక్కి చూస్తే, దెబ్బ తగలనిదానితో పోలిస్తే బలం సగానికి పడిపోయి ఉండొచ్చు. అందుకే విమానాల్ని డిజైన్ చేసేటప్పుడే ‘కంటికి ఆనీ ఆనని దెబ్బ’ ఉందనుకుని, అది ఉన్నా తట్టుకునేలా లెక్కలు వేస్తారు. మెకానిక్కులు అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. ఇంకా పాత పద్ధతి ఒకటుంది, నాణెంతో తట్టి వినడం. బాగున్న చోట ‘టంగ్’ మంటుంది, పొర విడిపోయిన చోట ‘డబ్’ మంటుంది. మన ఇళ్లలో కొత్త కుండ కొనేటప్పుడు వేళ్లతో తట్టి చూస్తారే, అదే ఇంజనీరింగ్.

తగిలిన దెబ్బ ఎంతో తెలియకపోతే ఏమవుతుందో 2003లో ప్రపంచమంతా చూసింది. కొలంబియా షటిల్ జనవరి 16న ఎగిరిన 82 సెకన్లకు బయటి ట్యాంకు మీది నురగ ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకి తగిలింది. బరువు ముప్పావు కిలో. మెత్తటి నురగ! కానీ వేగం గంటకు 800 కిలోమీటర్లు. లెక్కేస్తే 18 వేల జౌళ్ల పైమాటే. ఆ రెక్క అంచు కూడా కార్బన్ గుడ్డ పొరలతో చేసిందే. తగిలిన సంగతి వీడియోలో కనిపించింది. ఎంత దెబ్బో తెలియలేదు. కక్ష్యలో ఉండగా దగ్గర నుంచి ఫొటోలు తీయించాలని కొందరు ఇంజనీర్లు అడిగినా అది జరగలేదు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ తిరిగి రాలేదు. ఆ ఏడాది జులైలో అలాంటి రెక్క అంచు మీదకే నురగ ముక్కను పేల్చి పరీక్షిస్తే దాదాపు 40 సెంటీమీటర్ల కంత పడింది. అక్కడ మెత్తటి పొర పెట్టొచ్చుగా అంటారేమో. 1,500 డిగ్రీలు దాటే వేడిలో ఏ రబ్బరూ ఉండదు. ప్రతి రోగానికీ ఇదే మందు కాదు.

మా ప్రాజెక్టు, ట్యూబు ముక్కలు, ఓ పంక్చర్ బాబాయ్

2019లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మేం నలుగురం తీసుకున్న టాపిక్ ఇదే. లామినేట్ మధ్యలో రబ్బరు పెడితే దెబ్బకి ఆగుతుందా? కార్బన్ కొనే డబ్బుల్లేవు, గ్లాస్ ఫైబర్ గుడ్డ తెచ్చాం. ఎనిమిది పొరలు, ఎపాక్సీ, హార్డెనర్, పెయింట్ బ్రష్. రబ్బరు కోసం బైక్ ట్యూబులు. ఐడియా మాది కాదు, ట్యూబుల్లో వాడే బ్యూటైల్ రబ్బరు కంపనాల్ని మింగడంలో మొనగాడని ఎక్కడో చదివాం. నిజమే. బ్యూటైల్ బంతిని నేల మీద వదిలితే సోమరిపోతులా లేవనే లేవదు.

మొదటి ప్లేటు ఆరాక అచ్చులోంచి తీస్తుంటేనే రెండుగా ఊడి వచ్చింది. ట్యూబు తళతళలాడుతూ అలాగే ఉంది, ఎపాక్సీ దాన్ని ముట్టుకోనే లేదు. రెండోది అంతే. వారం వృథా. కాలేజీ గేటు ఎదురుగా పంక్చర్ షాపు బాబాయ్ దగ్గరికి ఇంకో పాత ట్యూబు కోసం వెళ్లి గోడు వెళ్లబోసుకుంటే ఆయన నవ్వి, “గీకకుండా ప్యాచీ అంటుకుంటదా నాయనా?” అన్నాడు. నాలుగేళ్లు చదివిన నలుగురం మొహాలు చూసుకున్నాం. శాండ్‌పేపర్‌తో రెండు వైపులా గీకి, ఎసిటోన్‌తో తుడిచి మళ్లీ వేశాం. అంటుకుంది.

పరీక్షకి మిషన్ లేదు. రెండు మీటర్ల పీవీసీ పైపు నిలబెట్టి, పైనుంచి కిలో ఇనుప గుండు వదిలేవాళ్లం. 20 జౌళ్ల దెబ్బ. గ్లాస్ ఫైబర్‌లో ఒక సౌకర్యం ఏంటంటే అది కాస్త పారదర్శకంగా ఉంటుంది, పొర విడిపోయిన చోట తెల్లగా మచ్చ కనిపిస్తుంది. మామూలు ప్లేటుని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెడితే లోపల అరచేయంత తెల్ల మచ్చ. పైనేమో గోటి గుర్తంత గుంట. రబ్బరున్న ప్లేటులో మచ్చ రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, అంతే. గుండు కూడా మామూలు ప్లేటు మీద ఎగిరినట్టు ఎగరలేదు. అర్ధరాత్రి హాస్టల్ కారిడార్‌లో మేం వేసిన కేకలకి వార్డెన్ వచ్చారు.

వైవా రోజు ఎక్స్‌టర్నల్ సార్ మా ప్లేటు చేతిలోకి తీసుకుని రెండు చేతులతో వంచారు. వంగింది. “ఇది ప్లేటా, అప్పడమా?” అన్నారు. “దెబ్బ తట్టుకుంటుంది సరే. దీంతో రెక్క చేస్తే విమానం ఎగురుతుందా, రెక్కలాడిస్తుందా?”

జవాబు మా దగ్గర లేదు. ఇప్పుడు ఉంది. లామినేట్ మధ్యలోనే పొరల జారుడు ఎక్కువ, కాబట్టి మెత్తటి పొర అక్కడ ఉంటేనే ఎక్కువ పని చేస్తుంది. కానీ అక్కడే దాని వల్ల నష్టమూ ఎక్కువ. ఒక ప్లేటుని మధ్యకి రెండుగా కోసి, జిగురు లేకుండా ఒకదాని మీద ఒకటి పెడితే వంగకుండా నిలబడే బిగువు నాలుగో వంతుకి పడిపోతుంది. మెత్తటి పొర మందంగా వేసేకొద్దీ మనం చేస్తున్నది ఆ కోతే. మాది రెండు మిల్లీమీటర్ల ప్లేటు, దాని మధ్యలో మిల్లీమీటరు పైన మందమున్న ట్యూబు. అప్పడం కాక ఏమవుతుంది!

మనం దాచిపెట్టిన మరో సమస్య వేడి. మెత్తటి పొర గుణం ఉష్ణోగ్రతని బట్టి మారిపోతుంది. మేం పరీక్షించింది ఫిబ్రవరి రాత్రుల్లో. మే నెలలో రామగుండం ఎండలో నిలబెట్టిన కారులో అదే పొర ఇంకా మెత్తబడుతుంది. విమానం ఎగిరే ఎత్తులో బయట మైనస్ 50 డిగ్రీలు, అక్కడ చాలా రబ్బర్లు గాజులా పెళుసెక్కుతాయి. అంటే కాపాడాల్సిన పొరే పగిలే పొర అవుతుంది. వేగమూ అంతే. పీవీబీని మెల్లగా లాగితే సాగుతుంది, ఒక్కసారి గుద్దితే బిగుసుకుంటుంది. కారు అద్దానికి ఈ గుణం వరమే. గాలి ఒత్తిడికి బిగువుగా ఉంటుంది, పగిలాక మాత్రం సాగుతూ ముక్కల్ని మోస్తుంది.

పరిశ్రమ పట్టుకున్న దారి మా ట్యూబుకి పూర్తిగా ఉల్టా. మందం తగ్గించు, చోట్లు పెంచు. ఒకే లావు రబ్బరు షీటు బదులు, ప్రతి రెండు పొరల మధ్యా వెంట్రుక కన్నా పలుచగా గట్టిరకం ప్లాస్టిక్. జపాన్‌కి చెందిన టోరే కంపెనీ పొరల మధ్య రెసిన్‌లో సన్నటి థర్మోప్లాస్టిక్ రేణువుల్ని చేర్చింది. చీలిక ముందుకు పోవాలంటే ఆ రేణువుల్ని ఒక్కొక్కటిగా సాగదీసి తెంపుకుంటూ పోవాలి. 1995లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 777 తోక భాగం ఇలాంటి పదార్థంతోనే చేశారు. అక్కడ ఉన్నది రబ్బరులా ఊగే పొర కాదు. బిగువు పోదు, పెళుసుతనం తగ్గుతుంది. ఇక మోతని చంపడమే పని అయిన చోట నిజమైన మెత్తటి పొరే వాడతారు. కొన్ని కార్ల అద్దాల్లో పీవీబీనే మూడు పొరలుగా చేసి నడిమి పొరని ఇంకా మెత్తగా ఉంచుతారు. లోపల కూర్చుంటే రోడ్డు చప్పుడు తగ్గుతుంది.

వీటన్నిటి మధ్య మీకు రేపటి నుంచే పనికొచ్చే విషయం ఒకటుంది. మీ హెల్మెట్. కొన్నిటికి పైన ఫైబర్ గ్లాస్ లామినేట్ డిప్ప, లోపల థర్మాకోల్‌లాంటి నురగ. ఆ నురగ డ్యాంపర్ కాదు. నలిగిపోవడమే దాని పని, ఒక్కసారి నలిగితే మళ్లీ లేవదు. మా ఆఫీసులో తమ్ముడిలాంటి కుర్రాడు ఒకడు బైక్ మీంచి పడి, “గీత కూడా పడలేదన్నా” అని అదే హెల్మెట్ పెట్టుకు తిరుగుతుంటే నాణెం తీసి తట్టి చూపించాను. ఒక చోట చప్పుడు తేడాగా వచ్చింది. వాడు నమ్మలేదు. లోపలి గుడ్డ విప్పి చూపిస్తే నురగలో వేలు పట్టేంత బీట. అప్పుడు కొత్తది కొన్నాడు.

పండగ మూడు రోజులూ ఆ పగులు అద్దంతోనే గడిపాం. పగులు చిన్నదైతే రెసిన్ నింపి యూవీ లైటుతో ఆరబెట్టి అతికిస్తారు. మాది చలికి, గుంతలకి పెరిగి పెరిగి డ్రైవర్ వైపు దాకా వచ్చేసింది. కనుమ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో అద్దాల షాపుకి వెళ్లాం. ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు కారు లోపల, ఒకడు బయట, సన్నటి తీగని రంపంలా అటూ ఇటూ లాగుతూ అద్దం చుట్టూ ఉన్న సీలెంట్ కోశారు. అద్దాన్ని బయటికి తీసి నేల మీద బోర్లా పెట్టి, ఒకడు సుత్తితో నాలుగు చోట్ల గట్టిగా కొట్టాడు. అంతా సాలెగూడు అయింది. తర్వాత ఇద్దరూ చెరో చివర పట్టుకుని దాన్ని చాపలా మడిచి మూలకి తోశారు.

నాన్న వెళ్లి ఆ మడతని కాలితో తట్టి చూశారు. తర్వాత వంగి, ఒక అంచు దగ్గర గాజు రాలిపోయిన చోట ఆ ప్లాస్టిక్ పొరని రెండు వేళ్లతో పట్టుకుని లాగారు. సాగింది. “ఇదేనా?” అన్నారు.

“అదే నాన్నా.”

“ఇంత పలచనా!” అని ఇంకోసారి లాగి చూసి, పాపని ఎత్తుకుని వెనక సీట్లో కూర్చున్నారు.